హంస బిళ్ళ పునఃప్రతిష్ఠ

పాతవన్నీ పదిలం చేసుకోవాలని ప్రభుత్వానికి ఉన్నట్టుండి ప్రేమ పుట్టిన సంవత్సరం అది. కోటలూ శాసనాలూ అప్పటికే వేరే శాఖల చేతుల్లో ఉన్నాయి కాబట్టి, మిగిలిన వాహనాల కోసం పురావాహన పరిరక్షణ శాఖ అని కొత్తగా ఒకటి పెట్టారు. ఊరూరా యాభై ఏళ్ళు దాటిన బళ్ళను గుర్తించి, నంబరిచ్చి, కాపాడాలని ఉత్తర్వు. ఏ ఊళ్ళో ఎన్ని బళ్ళున్నాయో చూడకముందే ఆఫీసులు తెరిచారు.

చిలకలరేవులోనూ తెరిచారు. ఒక ప్రత్యేకాధికారి, ఇద్దరు గుమాస్తాలు, ఒక డ్రైవరు, ఆ డ్రైవరుకు ఒక జీపు. నెల రోజులు జీపులో ఊరంతా గాలించినా పాత కారు ఒక్కటీ దొరకలేదు. రైసుమిల్లు వెనక లారీ ఒకటి కనబడింది గానీ, అందులో కోళ్ళు కాపురముంటున్నాయి. వాటిని ఖాళీ చేయించే అధికారం తమ శాఖకు లేదని పెద్ద గుమాస్తా తేల్చాడు. చివరికి ఊరు మొత్తానికి దొరికింది ఒకే ఒక్క పురావాహనం. రిటైరైన నర్సు సుగుణమ్మ తొక్కే సైకిలు.

సుగుణమ్మకు అరవై ఏడేళ్ళు. సన్నగా, నిటారుగా ఉంటుంది. ముప్పై ఆరేళ్ళు ప్రభుత్వాసుపత్రిలో పనిచేసి ఒక్క మెమో కూడా అందుకోకుండా రిటైరైంది. సర్క్యులరు వస్తే రెండుసార్లు చదివి, సంతకం పెట్టి, అందులో ఉన్నట్టే చేసేది. మెమో అన్న మాట వింటే ఇప్పటికీ ఆమె గుండె గుభేలుమంటుంది. రిటైరయ్యాక ఖాళీగా కూర్చోలేక, ఊళ్ళో ఏడుగురికి పొద్దునా సాయంత్రమూ ఇళ్ళకే వెళ్ళి ఇన్సులిన్ ఇంజెక్షన్లు ఇస్తోంది. చూపు ఆనక కొందరు, చేతులు వణికి కొందరు, తమంతట తాము వేసుకోలేని వాళ్ళు. ఆమె వచ్చి సూది వేశాకే ఆ ఇళ్ళలో టిఫిను. ఏడిళ్ళూ ఊరికి నాలుగు మూలలా ఉన్నా సైకిలు మీద గంటన్నరలో చుట్టేసేది.

ఆ సైకిలు వాళ్ళమ్మ అన్నమ్మది. మిషనాసుపత్రిలో పురుళ్ళు పోసే అన్నమ్మ వేళకు చేరుకోవాలని ఆసుపత్రివాళ్ళే కొనిచ్చారు. హ్యాండిలు కింద ముందు గొట్టం మీద ఒక ఇత్తడి బిళ్ళ, బిళ్ళ మీద మెడ వంచిన హంస. అన్నమ్మ సైకిలెక్కే ముందు ప్రతిసారీ ఆ హంస మీద బొటనవేలు ఆనించేది. ఎందుకమ్మా అని అడిగితే, "పాపం, అది కూడా మనతోపాటు ఎండలో తిరుగుతోందిగా" అనేది. అలా రుద్ది రుద్ది ఈకలన్నీ అరిగిపోయి, హంసకు ముక్కూ కన్నూ మిగిలాయి. అమ్మ పోయి ఇరవై ఏళ్ళయినా సుగుణమ్మ వేలు కూడా అలవాటుగా అక్కడికే పోతుంది.

ఆ సైకిలుకు మునిసిపల్ హాల్లో పెద్ద సభ జరిగింది. పురావాహనం నంబరు ఒకటి అని రిజిస్టరులో ఎక్కించారు. సుగుణమ్మకు శాలువా కప్పి, 'నమోదిత పురావాహన చోదకురాలు' అని ఒక కార్డు చేతిలో పెట్టారు. కార్డుతోపాటు ఇరవై రెండు నిబంధనల పుస్తకం. ఆమె ఇంటికెళ్ళి కళ్ళజోడు పెట్టుకుని ఇరవై రెండూ చదివింది. చిలకలరేవులో అవి పూర్తిగా చదివిన మనిషి ఆమె ఒక్కతే. ఆఫీసు కూడా చిలకలరేవులోనే ఉంది.

మూడు నెలల తరవాత, ఒక సోమవారం పొద్దున, రైల్వే గేటు దగ్గర పట్టాల మీదుగా సైకిలు నడిపిస్తుంటే టంగుమని చప్పుడైంది. చూస్తే హంస బిళ్ళ కంకరలో పడి ఉంది. పైనా కిందా పట్టి ఉంచిన రెండు రివిట్లూ తుప్పు పట్టి తెగిపోయాయి. సుగుణమ్మ బిళ్ళను ఏరి, కొంగుతో తుడిచి, ఇంజెక్షన్ల సంచిలో వేసుకుంది. ఆ పూట ఏడిళ్ళూ తిరిగి, నేరుగా గేటు పక్కనే ఉన్న ఖాదర్ వలీ సైకిలు షాపుకు వెళ్ళింది.

ఖాదర్ వలీ బిళ్ళను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదెంత పని నర్సమ్మగారూ! రెండు పొట్టి రివిట్లు. పది నిమిషాలు. పొడుగువి వేస్తే మాత్రం లోపల ఫోర్కు కాడకు తగిలి హ్యాండిలు తిరగదు. అది తెలిసినోడు చేయాల" అని, సుత్తి తీసుకోబోయి ఆగిపోయాడు. "ఇది ఒకటో నంబరు సైకిలు కదూ?"

"అవును."

"మరి నాకొద్దమ్మా." గోడ మీద అంటించిన నోటీసు చూపించాడు. పురావాహనానికి అనుమతి లేనిదే ఏ భాగమునైనా అమర్చువారు శిక్షార్హులు అని ఉంది. "మొన్న మీ సైకిలుకు గాలి కొట్టానా? ఆ గుమాస్తా వచ్చి ఎవరి గాలి, ఎంత గాలి అని రాసుకుపోయాడు. మీరు ఓ ముక్క రాయించుకు రండి. మీరు గుమ్మం దిగేలోగా బిగించేస్తా."

అది సబబుగానే తోచింది సుగుణమ్మకు. పద్నాలుగో నిబంధన అది. ఆమెకు గుర్తుంది.

ప్రత్యేకాధికారి పేరు చక్రపాణి. పేరులో చక్రం ఉంది కనకనే ఈ శాఖలో వేశారని ఊళ్ళో అనుకునేవారు. రెండేళ్ళలో రిటైరయ్యే మనిషి, మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, మంచినీళ్ళు తెప్పించి, విషయమంతా విని, రిజిస్టరు తెరిచాడు. అది పెద్ద రిజిస్టరు. ఐదొందల పేజీల్లో ఒక పేజీ నిండింది.

"సుగుణమ్మగారూ, చిక్కొచ్చి పడిందండీ. నమోదైనది 'హంస బిళ్ళ సహిత సైకిలు'. మీరు తెచ్చినది హంస బిళ్ళ రహిత సైకిలు. సదరు రెండూ ఒకటేనని నిర్ధారించే అధికారం నాకు దఖలు పడలేదు."

"ఒకటేనండీ. బిళ్ళ నా సంచిలోనే ఉంది."

"సంచిలో ఉన్నది బిళ్ళ. బయట ఉన్నది రహిత సైకిలు. సహిత సైకిలు మాత్రం ప్రస్తుతం కనబడుట లేదు." ఆయన గొంతులో నిజంగానే దిగులు వినబడింది. "ముందు పోలీసు రిపోర్టు ఇవ్వాలండీ. వస్తువు కనబడకుండా పోతే ఇరవై నాలుగు గంటల్లో తెలియజేయాలని ఉంది కదా?"

"పదకొండో నిబంధన" అంది సుగుణమ్మ అలవాటుగా.

"చూశారా, మీకే తెలుసు" అని ఆయన సంతోషించాడు.

పోలీసు స్టేషనులో హెడ్ కానిస్టేబుల్ పోలినాయుడు కాగితం తీసుకుని అడిగాడు. "ఏం పోయిందమ్మా?"

"సైకిలు."

"ఎక్కడ పోయింది?"

"రైలు గేటు దగ్గర."

"గుర్తులు చెప్పండి."

"బయట స్టాండు వేసి ఉంది నాయనా. చూసి రాసుకో."

పోలినాయుడు కిటికీలోంచి చూశాడు. సుగుణమ్మను చూశాడు. తన కూతురు పుట్టినప్పుడు ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నది ఈమే. అందుకని ఏమీ అనకుండా బయటికెళ్ళి సైకిలు చుట్టూ తిరిగి, నలుపు రంగు, పాత సీటు, వెనక బుట్ట అని రాసుకొచ్చాడు. "దొరికితే కబురు పెడతాను" అన్నాడు మెల్లగా. ఆమె అదే సైకిలెక్కి ఇంటికెళ్ళింది.

మర్నాడు ఉదయమే జీపు వచ్చింది. పోయిన పురావాహనాన్ని పోలిన వాహనం ఒకటి ఊళ్ళో తిరుగుతున్నట్టు పోలీసుల దగ్గర ఉన్న గుర్తులవల్ల తెలిసిందట. అనుమానాస్పదం కనక విచారణ తేలేవరకూ దాన్ని కదపకూడదట. పెద్ద గుమాస్తా ఆమె వరండాలోనే సైకిలును స్తంభానికి కట్టి, ముడి మీద లక్క సీలు వేశాడు. బిళ్ళకు రశీదు రాసిచ్చి, దాన్ని కవర్లో పెట్టుకుని పోయాడు.

ఆ రోజు నుంచి సుగుణమ్మ నడక మొదలైంది. ఆరింటికి బయలుదేరితే ఏడో ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర. ఏడో ఇల్లు కోటిలింగంగారిది. నాటకాలకు హార్మోనియం వాయించి వాయించి పేరు తెచ్చుకున్న మనిషి, ఇప్పుడు వేళ్ళు వణుకుతాయి. ఆయన వాకిట్లో కూర్చుని, ఇడ్లీ పాత్ర మూత తీసిన వాసన పీల్చుకుంటూ వీధి చివరికి చూస్తుండేవాడు. "రెండోసారి ఆవిరి పెట్టాను సుగుణమ్మా" అనేది భార్య లీలావతమ్మ.

సంగతి విని ఖాదర్ వలీ తన షాపులో సైకిలొకటి ఇచ్చాడు. దాని మీద మూడు రోజులు తిరిగింది. నాలుగో రోజు పొద్దున కాగితం వచ్చింది. సుగుణమ్మ ముప్పై ఆరేళ్ళు తప్పించుకు తిరిగిన కాగితం అది. మెమో.

'నమోదిత పురావాహన చోదకురాలైన తాము, పురావాహనము కాని ఆధునిక ద్విచక్ర వాహనముపై బహిరంగముగా సంచరించుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. ఇది చోదక హోదాకు భంగకరము. దీనిపై తమ సంజాయిషీ మూడు దినములలో సమర్పించవలెను.'

ఖాదర్ వలీ సైకిలు ఆ పూటే తిరిగి ఇచ్చేసింది. సంజాయిషీ మూడు పేజీలు రాసి, కొట్టివేతలున్నాయని మళ్ళీ తిరగరాసి, గడువుకు ఒక రోజు ముందే ఇచ్చింది. ఆ సంజాయిషీ బాగుందని చక్రపాణి తన గుమాస్తాలిద్దరికీ చదివి వినిపించాడు.

ఈలోగా రాజధాని నుంచి నిపుణుల సంఘం దిగింది. ముగ్గురు. ఒకాయన నాణేల మీద పుస్తకాలు రాసినవాడు, ఒకాయన దేవుడి రథాల మీద పరిశోధన చేసినవాడు, మూడో ఆయన ప్రయాణ ఏర్పాట్లు చూసేవాడు. బిళ్ళ మీద ఉన్నది హంసా, బాతా అన్న విషయం మీద మొదటి రోజంతా చర్చ జరిగింది. ఈకలు లేకపోవడంవల్ల నిర్ణయం వాయిదా వేసి, 'జలపక్షి' అని తాత్కాలికంగా రాశారు.

రెండో రోజు బిళ్ళ కొలతలు తీయబోతే కుదరలేదు. గుండ్రటి గొట్టం మీద కూర్చునే బిళ్ళ కనక అది వంపుగా ఉంది. స్కేలు ఆనదు, ఫైల్లో పెడితే ట్యాగు కట్టడానికి రాదు. నాణేల నిపుణుడు జీవితమంతా చదునైనవే చూసిన మనిషి. "కాలక్రమమున వంగిపోయినట్లున్నది. పూర్వస్థితికి తేవలెను" అన్నాడు. రెండు చెక్కల మధ్య పెట్టి ఆఫీసు బీరువా కాలి కింద రెండు రోజులు ఉంచారు. బిళ్ళ అప్పడంలా చదునైంది. కొలతలు చక్కగా వచ్చాయి. ఫైలు కూడా కుదిరింది.

మరో వారానికి సుగుణమ్మ ఆఫీసుకు వెళ్ళినప్పుడు ఫైలు తెరిచి సగర్వంగా చూపించారు. హంస మెడ చాపుకుని కాగితం మీద పడుకుని ఉంది. ఆమె బొటనవేలు దాని మీద ఆనించింది.

"చూడండీ, ఇప్పుడెంత నీటుగా ఉందో" అన్నాడు పెద్ద గుమాస్తా.

"చదునుగా ఉంటే గొట్టం మీద కూర్చోదు బాబూ."

"అది బిగింపు దశలో పరిశీలించబడుతుందండీ. ఇది కొలతల దశ."

ఇక మిగిలింది బిగింపే అనుకుంటుండగా రాజధాని నుంచి ఉత్తరం వచ్చింది. ఊడిన భాగాన్ని 'యథాస్థానమున' పునఃప్రతిష్ఠించవలెనని అందులో ఉంది. యథాస్థానం అంటే సైకిలు మీద అది ఉండే చోటే కదా అనుకుంది సుగుణమ్మ. చక్రపాణి అలా తేలిగ్గా తీసుకునే మనిషి కాదు. వివరణ కోరాడు. పతనమైన స్థలమునందే అని వివరణ వచ్చింది. అంటే రైల్వే గేటు మధ్యలో, పట్టాల మీద.

రైల్వేవాళ్ళకు రాశారు. ఆ పట్టాల మీద రోజుకు పదకొండు రైళ్ళు వెళ్తాయనీ, వాటిలో ఏదీ సైకిలు బిళ్ళ కోసం ఆగదనీ రైల్వేవాళ్ళు జవాబిచ్చారు. అయితే ఏ రైలును రద్దు చేయగలరో తెలుపవలసిందని చక్రపాణి మళ్ళీ రాశాడు. ఉత్తరాలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. సుగుణమ్మ నడుస్తోంది.

నాలుగో వారంలో ఒక గురువారం, వాన మూలంగా ఆమె కోటిలింగంగారి ఇల్లు చేరేసరికి పదిన్నర దాటింది. వాకిట్లో కుర్చీ ఖాళీగా ఉంది. లోపల ఆయన మంచం మీద మత్తుగా పడి ఉన్నాడు. ముందురోజు సాయంత్రం ఇంజెక్షను కూడా ఆలస్యమే. పొద్దున ఆకలికి ఆగలేక, సూది లేకుండానే నాలుగు ఇడ్లీలు తిన్నాడట. సుగుణమ్మ వేలి మీద పొడిచి చూసేసరికి షుగరు మిషను మీద అంకె నాలుగొందలు దాటింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళి, సెలైను పెట్టించి, ఆయన కళ్ళు తెరిచేదాకా పక్కనే కూర్చుంది.

"నిన్నేమీ అనుకోవట్లేదు తల్లీ" అంది లీలావతమ్మ. "నీ కాళ్ళు చూశాను, ఎట్లా వాచిపోయాయో."

ఆ మాట సుగుణమ్మకు మెమో కన్నా గట్టిగా తగిలింది. ఆసుపత్రి నుంచి తడి చీరతోనే చక్రపాణి ఆఫీసుకు వెళ్ళింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"సార్, నా మూలంగా ఒక మనిషి పోయేవాడు ఇవాళ. నా సైకిలు నాకిచ్చేయండి. నంబరూ వద్దు, శాలువా కూడా తెచ్చిచ్చేస్తాను."

చక్రపాణి లేచి నిలబడ్డాడు. గుమాస్తాలిద్దరినీ బయటికి పంపించి, తలుపు దగ్గరగా వేశాడు. "అమ్మా, ఒక మాట చెప్తాను. ఈ ఆఫీసుకు ఉన్నదే మీ సైకిలు. అది జాబితాలోంచి పోతే ఆఫీసు పోతుంది. ఆ డ్రైవరు కుర్రాడికి మొన్ననే పెళ్ళయింది. నాకు ఇంకా రెండేళ్ళుంది." అని కిటికీ వైపు తిరిగి, "నాకు మాత్రం తెలియదటండీ, అది పది నిమిషాల పనని? ఒక్క వారం టైమివ్వండి. తేల్చేస్తాను" అన్నాడు.

ఆయన తేల్చిన పద్ధతి ఇది. రైలు పట్టాలకు ఆనుకుని ఉన్న ఖాళీ జాగాలో షామియానా వేస్తే, దాని తాళ్ళలో ఒకటి గేటు స్తంభానికి కడితే, ఆ స్థలం గేటుతో 'అవిచ్ఛిన్నం' అవుతుంది. అవిచ్ఛిన్నమైతే యథాస్థానమే. రాజధాని ఒప్పుకుంది. ఒప్పుకోవడమే కాదు, రాష్ట్ర పురావాహన సలహా మండలి అధ్యక్షులవారే స్వయంగా విచ్చేసి బిళ్ళను ప్రతిష్ఠిస్తారని కబురు చేసింది.

బిగించే పనికి ఖాదర్ వలీ పేరు సుగుణమ్మ చెప్పింది. అతనికి నలభై ఏళ్ళ అనుభవం ఉంది గానీ, ఉందని ఎవరూ రాసివ్వలేదు. అందుకని రాజధాని నుంచి ఒక సంస్థను పిలిపించారు. వాళ్ళు రివిట్ల జోలికి పోరు. పురావాహనానికి కొత్త మేకు తగలరాదు కాబట్టి విదేశీ జిగురు వాడతారు.

సభ సాయంత్రం నాలుగింటికి. పోలినాయుడు వచ్చి, పోయిన సైకిలు ఫిర్యాదుదారు వరండాలోనే దొరికినట్టు సంతకాలు తీసుకుని, సీలు విప్పించాడు. సైకిలును జీపు మీద ఎక్కించి తెచ్చి, వేదిక మీద పూలదండ వేశారు. సుగుణమ్మ ఇంజెక్షన్ల సంచితోనే వచ్చి ముందు వరసలో కూర్చుంది. ఆరున్నరకు కదలకపోతే ఏడిళ్ళలోనూ రాత్రి భోజనాలు ఆలస్యమవుతాయి. కోటిలింగంగారు మొన్ననే ఇంటికొచ్చాడు.

అధ్యక్షులవారు ఐదుంబావుకు వచ్చారు. ఆయన ఉపన్యాసం మొదలుపెట్టగానే ప్యాసింజరు వచ్చింది. అది పోయాక మళ్ళీ మొదలుపెడితే గూడ్సు వచ్చింది. యాభై ఎనిమిది పెట్టెలు. "మన సంస్కృతికి చక్రమే..." అని ఆయన చేయెత్తి, ఆ చెయ్యి అలాగే ఉంచి, పెట్టెలన్నీ వెళ్ళేదాకా ఓపిగ్గా నిలబడ్డారు. సుగుణమ్మ వాచీ చూసుకుంది. ఐదూ ముప్పావు.

జిగురు సంస్థ తాలూకు యువకుడు తెల్ల చేతిజోళ్ళు తొడుక్కుని, వెల్వెట్ దిండు మీద బిళ్ళను తెచ్చాడు. వెనక జిగురు రాశాడు. అధ్యక్షులవారు మంగళవాద్యాల మధ్య దాన్ని గొట్టానికి ఆనించి, ఫొటోల కోసం రెండు నిమిషాలు నొక్కి పట్టుకున్నారు. చదునైన బిళ్ళ, గుండ్రటి గొట్టం. మధ్యలో ఒక గీతంత మేర అంటుకుంది. ఆయన చేయి తీశారు. చప్పట్లు మొదలయ్యాయి. చప్పట్లు ఆగకముందే హంస జారి, అధ్యక్షులవారి బూటు మీద పడింది.

బ్యాండువాళ్ళు, ఏదైనా జరిగితే వాయించమని ముందే చెప్పి ఉండటంతో మళ్ళీ వాయించారు. చక్రపాణి మొహం పాలిపోయింది. మైకు దగ్గరికి వెళ్ళి, "ఇప్పుడు... అల్పాహారం" అన్నాడు. అది మంచి ఆలోచనే. సభ మొత్తం మైసూరు బజ్జీల వైపు కదిలిపోయింది. అధ్యక్షులవారితో సహా.

వేదిక మీద సైకిలూ సుగుణమ్మా మిగిలారు. ఆమె బిళ్ళను చేతిలోకి తీసుకుంది. గేటవతల షాపు ముందు నిలబడి చూస్తున్న ఖాదర్ వలీ వైపు తిరిగి, జీవితంలో మొదటిసారి, అనుమతి లేని పని ఒకటి చేసింది.

"ఖాదరూ! ఇలా రా. సుత్తి తెచ్చుకో."

"కాగితం ఉందా అమ్మా?"

"లేదు. నేనున్నాను."

ఖాదర్ వలీ వచ్చాడు. బిళ్ళను ఒక ఇనప గొట్టం మీద ఆనించి, చెక్క సుత్తితో మెత్తగా, అన్నం మెతుకు చితకనంత మెత్తగా కొడుతూ వంపు తెప్పించాడు. హంస మళ్ళీ మెడ వంచింది. జిగురు గీకి, పాత రంధ్రాలు చూసుకుని, రెండు పొట్టి రివిట్లు దించాడు. హ్యాండిలు అటూ ఇటూ తిప్పి చూశాడు. నూనె పోసినట్టు తిరిగింది. పది నిమిషాలన్నాడు గానీ ఎనిమిదే పట్టింది. పూలదండ సర్ది, సుత్తి లుంగీలో దోపుకుని, గేటు దాటి వెళ్ళిపోయాడు.

చక్రపాణి మూతి తుడుచుకుంటూ వచ్చి, సైకిలు చూసి, ఉన్నచోటే ఆగిపోయాడు. పెద్ద గుమాస్తా వెనకే రిజిస్టరు పట్టుకుని వచ్చాడు.

"ఎవరు బిగించారిది?"

"నేను బిగించమన్నాను" అంది సుగుణమ్మ.

"అనుమతి లేకుండానా! అయితే ఇది పద్నాలుగో నిబంధన కింద అక్రమ బిగింపు. తక్షణం తొలగించాలండీ" అన్నాడు గుమాస్తా.

"తొలగించరాదు బాబూ. తొమ్మిదో నిబంధన. అమర్చబడి ఉన్న ఏ భాగమునూ వేరుచేయరాదు. ఎలా అమర్చారో అందులో అడగలేదు."

గుమాస్తా నిబంధనల పుస్తకం మొదటిసారి తెరిచాడు. తొమ్మిది చదివాడు, పద్నాలుగు చదివాడు, మళ్ళీ తొమ్మిది చదివాడు. చక్రపాణి వేదిక మెట్టు మీద కూలబడ్డాడు. "ఉంచడానికీ లేదు, తీయడానికీ లేదు" అని గొణిగి, ఉన్నట్టుండి తలెత్తాడు. "అమ్మా, ఒక దారుంది. బిళ్ళ అసలు పడనే లేదని రాసుకుందాం. పడకపోతే బిగింపూ లేదు, అక్రమమూ లేదు. మీరొక్క సంతకం చేస్తే చాలు. ఫైలు మూసేస్తాను."

"పడింది కదండీ. నేనే ఏరుకున్నాను."

"తెలుసండీ. పడింది. కానీ పడలేదని..."

"పడలేదని నేను రాయను. ముప్పై ఆరేళ్ళు రిజిస్టర్లు రాశాను, లేనిది ఒక్కటి రాయలేదు. మెమో ఇస్తే ఇవ్వండి. ఈసారి సంజాయిషీ కూడా రాయను."

ఆ మాట అన్నాక ఆమెకే ఆశ్చర్యమేసింది. గుండె మామూలుగానే కొట్టుకుంటోంది. కింద చక్రపాణి తల పట్టుకుని కూర్చున్నాడు. రెండేళ్ళ సర్వీసూ, కొత్తగా పెళ్ళయిన డ్రైవరూ, ఐదొందల పేజీల రిజిస్టరూ ఆయన కళ్ళముందు తిరుగుతున్నట్టున్నాయి. అవతల బజ్జీల దగ్గర అధ్యక్షులవారు రెండో కాఫీ అడుగుతున్నారు. ఆరూ ఇరవై ఐదు. సుగుణమ్మకు ఆ మనిషి మీద జాలేసింది.

"పెన్ను తీసుకోండి సార్. నేను చెప్తాను, మీరు రాసుకోండి."

ఆయన రిజిస్టరు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"ఈ దినము సాయంత్రము ఆరు గంటల ఇరవై నిమిషములకు సదరు సైకిలును పరిశీలించగా, హంస బిళ్ళ సైకిలుకు ఉన్నట్లు కనబడినది."

చక్రపాణి రాసి, ఒకసారి మెల్లగా చదువుకున్నాడు. "ఉన్నట్లు కనబడినది" అని మళ్ళీ అన్నాడు. ఆయన మొహంలోకి రంగు వచ్చింది. అందులో అబద్ధం లేదు. ఎవరు పెట్టారో లేదు, ఎప్పుడు పడిందో లేదు. ఎవరి సంతకమూ చిక్కులో పడదు. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో ఇంత నిండైన వాక్యం ఆయన చేతి మీదుగా పోలేదు.

"ఇక బండి కదపవచ్చా?"

"కదపవచ్చు, కదపవచ్చు." ఆయన స్టాంపు కోసం జేబులు తడుముకుంటూ, గౌరవంగా లేచి నిలబడ్డాడు. "మీరు మా శాఖలో ఉండాల్సిన మనిషండీ, సుగుణమ్మగారూ."

"వేరే శాఖలో ఉండే వచ్చాను లెండి" అని ఆమె దండ తీసి గుమాస్తా చేతికిచ్చి, సైకిలు కిందికి దించి, సంచి హ్యాండిలుకు తగిలించింది.

షామియానా దాటే దారి నిండా జనం ప్లేట్లతో అడ్డంగా నిలబడి ఉన్నారు. సుగుణమ్మ సైకిలెక్కి బెల్లు కొట్టింది. రెండోసారి గట్టిగా కొట్టేసరికి అందరితోపాటు అధ్యక్షులవారు కూడా, కాఫీ ఒలకకుండా జాగ్రత్తగా పట్టుకుని, పక్కకు జరిగారు.